దమ్ముకు తీపి గోళీలు

మా సోలాపూర్ మిల్లు కార్మికుల ఇండ్లల్ల దమ్ము పాత చుట్టమే. "పీల్చే మందు అలవాటైతది, హోమియోపతి గోళీలతో మొదలంటా పోతది" అని చాలామంది అంటరు. కాని ఆ గోళీలతో ఉబ్బసం తగ్గుతుందని పరీక్షల్లో రుజువు కాలేదు. పీల్చే మందు ఊపిరి గొట్టాల వాపును తగ్గిస్తుంది. అలవాటు పడేది కాదు. గోళీలు తింటే తినుండ్రి గాని, దాన్ని మాత్రం మానొద్దు. ఆయాసం ముదిరితే ప్రాణం మీదికి వస్తది.

ఇంకో మాట. బ్లోరూమ్, కార్డింగ్ ఖాతాల్లో పత్తి దుమ్ము ఎక్కువ. సెలవు తర్వాత డ్యూటీకి పోయిన మొదటి రోజే ఛాతీ పట్టేస్తే అది బిసినోసిస్ కావచ్చు. చట్టంలో ఇది పనివల్ల వచ్చే రోగాల పట్టీలో ఉంది. ఏ ఖాతాలో ఎన్నేండ్లు చేసిండ్రో డాక్టరుకు తప్పక చెప్పుండ్రి.