పాంప్లెట్టా, ఫోన్ యాడా? అంగడి లెక్క తేల్చేది నోట్‌బుక్కే!

చిన్న ఊళ్లో అంగడి నడిపేవాళ్లకి పండగ ముందు వచ్చే డౌట్ ఒకటే. ప్రచారానికి తీసి పెట్టిన డబ్బు పేపర్‌కి ఇవ్వాలా, ఫోన్‌లో పెట్టాలా? లెక్క తప్పితే వచ్చే నెల అద్దెకి వెతుక్కోవాలి. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. కాబట్టి ‘అంతా ఆన్‌లైనే’ అంటానని ఊళ్లో చుట్టాలు అనుకుంటారు. నేను అలా అనను. ఊరిని బట్టి, సరుకుని బట్టి లెక్క మారుతుంది.

పేపర్‌ని తీసెయ్యకండి

1974లో విశాఖలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చింది. రాష్ట్రమంతా వెళ్లే పేజీకి డబ్బు కట్టలేని చిన్న వ్యాపారికి, తన జిల్లా వరకే ప్రకటన ఇచ్చుకునే దారి దొరికింది. ఇవాళ మనం ‘లొకేషన్ టార్గెటింగ్’ అంటున్నది అప్పట్లో అదే! పేపర్ మధ్యలో పెట్టే పాంప్లెట్ అయితే ఏ వీధికి కావాలంటే ఆ వీధికే పోతుంది.

మూడు ఊళ్లు, మూడు లెక్కలు

మదనపల్లె అంటే టమాటా మార్కెట్. డ్రిప్ పైపులు, విత్తనాలు అమ్మేవాళ్లకి కావలసిన రైతులు రోజూ అక్కడికే వస్తారు. మార్కెట్ దగ్గర పంచే కాగితం నేరుగా వాళ్ల చేతికే వెళ్తుంది. అదే ఊళ్లో నీరుగట్టువారిపల్లె పట్టుచీరలకి రంగు, అంచు కనపడాలి. బెంగళూరులో కొనేవాళ్లకి మదనపల్లె పాంప్లెట్ అందదు కదా. వాటికి రీల్స్, వాట్సాప్ బిజినెస్ కేటలాగ్ కరెక్ట్.

పుంగనూరుది వేరే తంటా. ఊరి పేరు గూగుల్‌లో కొట్టేవాళ్లలో చాలామందికి కావలసింది పొట్టి ఆవు! 2024 సంక్రాంతికి ప్రధాని ఇంట్లో ఆ ఆవుల ఫొటోలు వచ్చాక దేశమంతా వాటి గురించే మాట. ఊరి పేరు కీవర్డ్‌గా పెట్టి యాడ్ ఇస్తే, ఆవు కోసం వెతికేవాళ్ల క్లిక్‌కి కూడా అంగడివాళ్లే డబ్బు కట్టాలి. అందుకే ‘ఆవు’ని నెగెటివ్ కీవర్డ్‌లో వెయ్యాలి. లొకేషన్ సెట్టింగ్‌లో ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే కనపడేలా పెట్టాలి.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఫేస్‌బుక్‌లో ఊరి చుట్టూ పెద్ద గుండ్రం గీస్తే అటు కృష్ణగిరి, ఇటు కేజీఎఫ్ కూడా అందులో పడతాయి. ఇంటికి సరుకులు పంపే అంగడైతే గుండ్రం చిన్నది చెయ్యాలి. నగలు, పెళ్లి బట్టలైతే అలాగే ఉంచి తమిళంలో ఒకటి, కన్నడలో ఒకటి విడిగా యాడ్ చెయ్యాలి.

గల్లాపెట్టె పక్కన నోట్‌బుక్

పుంగనూరులో మా మామకి స్టీలు సామాన్ల అంగడి ఉంది. వచ్చినవాళ్లని ‘మా అంగడి గురించి ఎట్లా తెలిసింది?’ అని అడిగి రాసుకోమన్నాను. “రాసుకుంటే ఏమొస్తుందిరా అల్లుడా?” అన్నాడు. పండగ అయ్యాక నోట్‌బుక్ చూస్తే, పాంప్లెట్ చూసి వచ్చినవాళ్లే ఎక్కువ. కానీ కొన్నవి ఒకటో రెండో గిన్నెలు. ఫోన్‌లో చూసి వచ్చినవాళ్లు తక్కువే గానీ, పెళ్లి సామాను మొత్తం తీసుకున్నారు. అందుకే తలలు లెక్కపెడితే చాలదు, బిల్లు కూడా రాయాలి.

లెక్క సింపుల్. పాంప్లెట్లకి 3,000 పెడితే 30 మంది కొన్నారనుకుందాం. ఒక్కొక్కరికి 100 పడింది. ఫోన్ యాడ్‌కి 2,000 పెడితే 10 మంది కొంటే, ఒక్కొక్కరికి 200. ఇప్పుడు ఒక్కొక్కరి మీద మిగిలిన లాభం ఎంతో చూడండి. ఏది మేలో అదే చెబుతుంది. లైకులు ఈ లెక్కలోకి రావు.

ముందు ఫ్రీగా అయ్యేది

పాంప్లెట్ చూసినవాళ్లు కూడా బయల్దేరే ముందు గూగుల్ మ్యాప్స్‌లో వెతుకుతారు. అక్కడ అంగడి లేకపోతే, ప్రింటుకి పెట్టిన డబ్బు కూడా దండగే. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కి ఒక్క రూపాయి ఖర్చు లేదు. టైమింగ్స్, ఫొటోలు, నంబర్ పెడితే చాలు. ఆ తర్వాత ఒక పండగకి రెండు వైపులా సగం సగం పెట్టి చూడండి. తర్వాతి పండగకి నోట్‌బుక్ చెప్పినట్టు చెయ్యండి.

మీ ఇంట్లోనూ అంగడి ఉంటే, దాని పేరు ఇప్పుడే మ్యాప్స్‌లో కొట్టి చూడండి. పాత నంబర్ ఉందా? ముందు అది మార్చండి. యాడ్ సంగతి తర్వాత!