మల్లెపూల కోసం చలికాలం

వసంతం అనగానే మనందరి కళ్లముందూ ఒకే బొమ్మ నిలుస్తుంది. లేత మామిడి చిగురు, కోయిల కూత, వేపపువ్వు, మల్లెమొగ్గలు. ఆ బొమ్మలో తప్పేమీ లేదు. కాని దానికి ముందు గడిచే మూడు నాలుగు నెలల్లో ఆ చెట్లు ఏం చేస్తుంటాయన్నది మనలో చాలామంది పట్టించుకోరు. వృక్షశాస్త్రం చదువుతున్న నేనూ పట్టించుకోలేదు. అందువల్ల 2025 వేసవిలో మా యింట్లో మల్లెపువ్వన్నది కంటికి కనబడలేదు. ఎందుకు పూయలేదో తెలుసుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

మా యిల్లు విజయవాడ భవానీపురంలో. ఒకవైపు కొండ, మరొకవైపు కృష్ణ. నాయనమ్మ బతికి ఉన్న రోజుల్లో గేటు పక్కన ఒక గుండుమల్లె నాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరద సంగతి ఈ ప్రాంతం వారికి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వెళ్లింది. ఇటు బుడమేరుకు గండ్లు పడి ఆ నీరు ఊళ్లోకి వచ్చింది. మా వీధిలో నీళ్లు తీసేసరికి పెరట్లో గులాబీలు, బొప్పాయి, కరివేపాకు అన్నీ కుళ్లిపోయాయి. వేళ్లకూ గాలి కావాలి గదా. నీరు నిలిచిన నేలలో అవి ఊపిరాడక చస్తాయి. గేటు పక్క పాదు కాస్త మెరకమీద ఉండడంవల్ల మల్లె ఒక్కటే మిగిలింది.

మిగిలిన ఒక్క మొక్క మీద ఎంత ప్రేమ ఉంటుందో వేరే చెప్పాలా? ఆ చలికాలమంతా పొద్దునా సాయంత్రం బకెట్టుతో నీళ్లు పోశాను. యూరియా వేశాను. వేరుశనగపిండి నానబెట్టి పోశాను. మొక్క బ్రహ్మాండంగా పెరిగింది. ఆకు ఒక్కొక్కటి అరచేయంత. అమ్మ వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయింది. శివరాత్రి వెళ్లింది, ఉగాది వెళ్లింది, శ్రీరామనవమి పందిళ్లు కూడా విప్పేశారు. మొగ్గ లేదు.

ఎదురింటి మామ్మగారు ఒకరోజు గేటు దగ్గర ఆగి, “ఏం అబ్బాయీ, మల్లెను గొడ్డు మేతకు పెంచుతున్నావా?” అన్నారు. నేను తెల్లబోయి చూస్తుంటే, “చలికాలంలో దాన్ని మాడ్చాలి నాయనా. నీళ్లు మానెయ్యాలి, ఆకు దూసెయ్యాలి. కడుపునిండా తిన్నవాడు పనిలోకి దిగుతాడా?” అన్నారు. డిగ్రీ చదివిన గర్వంతో ఆ మాట అప్పుడు నవ్వుకొని వదిలేశాను. తరువాత లైబ్రరీలో కూర్చుని పుస్తకాలు తిరగేస్తే ఆవిడ మాట ఇంచుమించు అక్షరాలా నిజమని తేలింది.

నా పొరపాటుకు మూలం ఎక్కడున్నదో కూడా అప్పుడే అర్థమయింది. తోటపని మీద మనం చదివే పుస్తకాలలో చాలాభాగం చలిదేశాలవి. అక్కడ చలికాలమంటే మంచు, మోడులు, నిద్ర. మొక్కను కాపాడుకొంటూ వసంతం కోసం ఎదురుచూడడమే తోటమాలి పని. ట్యూలిప్ వంటి దుంపజాతి మొక్కలకైతే ఆ చలి లేకపోతే పువ్వే లేదు. కొన్ని వారాలపాటు చలిలో ఉంటేగాని దుంపలోని మొగ్గ సరిగా సాగదు. శ్రీనగర్‌లో 2007లో తెరిచిన ట్యూలిప్ తోట మార్చి చివర, ఏప్రిల్‌లో విరగబూస్తుందంటే దాని వెనుక కాశ్మీరు చలికాలమున్నది. మన బెజవాడలో ట్యూలిప్ పూయించాలంటే ముందు దుంపను ఫ్రిజ్‌లో పెట్టుకోవలసిందే.

మనకు వ్యవహారం అట్లా కాదు. జనవరిలో విజయవాడ కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 18, 19 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇంగ్లండులో అది మంచి వేసవి పగలు! అందుకే వాళ్ల వేసవి పూలు, పెటూనియా, ఫ్లాక్స్ వంటివి, మన డాబాల మీద డిసెంబరు, జనవరిల్లో పూసి మార్చి ఎండకు మాడిపోతాయి. పరదేశపు పూలకాలం మనకు శీతకాలంలోనే వచ్చి వెళుతుందన్నమాట. ఇక మన సొంత చలికాలపు పూలు ఉండనే ఉన్నాయి: చామంతి, బంతి, డిసెంబరాలు. ధనుర్మాసంలో గొబ్బెమ్మలకు గుమ్మడిపూలు, బంతిపూలు గుచ్చని వీధి మా పేటలో లేదు. (బంతి మెక్సికో నుంచి వచ్చిందంటే మామ్మగారు ఇప్పటికీ ఒప్పుకోరు. చామంతి చైనాదని నేనింకా ఆవిడతో చెప్పలేదు.)

చామంతి కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అది చలికి పూస్తుందని మనం అనుకొంటాము. నిజానికి అది ముఖ్యంగా రాత్రిని కొలుస్తుంది. గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు పొగాకు, సోయా మొక్కల మీద ప్రయోగాలు చేసి, కొన్ని మొక్కలు పగటి నిడివిని బట్టి పూస్తాయని 1920లో ప్రకటించారు. పగలు కంటె ముఖ్యం ఎడతెగని చీకటి అని తరువాతి పరిశోధనల్లో తేలింది. విజయవాడలో జూన్ నెలలో పగలు 13 గంటలకు కాస్త పైన, డిసెంబరులో 11 గంటలకు కాస్త పైన. తేడా రెండు గంటలే. ఆ రెండు గంటలు చామంతికి చాలు. ఆకు ఆ చీకటిని కొలిచి కొమ్మ చివరకు కబురు పంపుతుంది. ఆ కబురు మోసే పదార్థం ఒకటి ఉండాలని రష్యాలో చైలాఖ్యాన్ 1930లలోనే ఊహించి దానికి ‘ఫ్లోరిజన్’ అని పేరు పెట్టాడు. అది ఆకులో తయారై కాండం గుండా ప్రయాణించే ఒక ప్రోటీన్ అని 2007లోగాని గట్టిగా రుజువు కాలేదు. పేరు పెట్టిన డెబ్భయి ఏళ్లకు మనిషి దొరికాడన్నమాట. చామంతి రైతులు కొందరు రాత్రిళ్లు పొలంలో బల్బులు వెలిగించి పూతను వెనక్కు నెట్టి, ధర వచ్చే రోజులకు పూయించుకొంటారు. మీ యింట్లో చామంతి కుండీ వీధిదీపం కింద ఉండి మొగ్గ వెయ్యకపోతే దాని చోటు మార్చి చూడండి.

కాని మనకు కావలసిన వసంతపు పూలు వేరే తరగతి. వాటికి కీలకం శిశిరంలో ఉన్నది.

మన పెద్దలు చలికాలాన్ని రెండు ఋతువులుగా విడదీశారు. మార్గశిర పుష్యాలు హేమంతం. మాఘ ఫాల్గుణాలు శిశిరం. శిశిరమంటే ఆకురాలు కాలం. ఇంగ్లీషువారి ఆకురాలు కాలం చలికాలానికి ముందు వస్తుంది. మనది చలికాలం చివర, వసంతాన్ని ఆనుకొని వస్తుంది. ఈ తేడాను నేను చిన్నప్పటినుంచీ చదివి కూడా ఎప్పుడూ ఆలోచించలేదు. అక్కడి చెట్టు రాబోయే చలికీ, కురచబడే పగటికీ ఆకు రాలుస్తుంది. ఇక్కడి చెట్టు ప్రధానంగా దాహానికి రాలుస్తుంది. ఈశాన్య ఋతుపవనాలు వెళ్లిపోయాక నేల తడి ఆరుతుంది. ఆకు ఉంటే నీరు ఆవిరై పోతుంది. కాబట్టి చెట్టు ఆకును వదిలించుకొని, కూడబెట్టిన పిండిపదార్థాన్ని కొమ్మల్లో, కాండంలో దాచుకొంటుంది. కొండపల్లి దాటి మైలవరం దారిలో మాఘమాసంలో బస్సు కిటికీ పక్కన కూర్చుంటే మోదుగలు కనబడతాయి. ఒక్క ఆకు ఉండదు, చెట్టంతా నిప్పులాంటి పూలు. ఆ పూలకు పెట్టుబడి కొత్త వానలది కాదు, పాత నిల్వది.

మామిడిది ఆకు రాల్చే స్వభావం కాదు. అయినా దాని సూత్రమూ ఇదే. కొమ్మ చివర ఉన్న మొగ్గ చిగురుగా వెళ్లాలా, పూతగా వెళ్లాలా అన్నది చలికాలంలో తేలుతుంది. కొమ్మ నాలుగైదు నెలలు ముదిరి, విశ్రాంతిలో ఉండి, రాత్రిళ్లు చల్లబడితే పూత. నవంబరు, డిసెంబరుల్లో అకాల వర్షం పడి నేల తడిసి వెచ్చబడితే చిగురు. చిగురు చూడ్డానికి అందంగానే ఉంటుంది గాని నూజివీడు రైతుకు ఆ అందం అన్నం పెట్టదు. అందుకనే పూతకు ముందు తోటలకు నీళ్లు కట్టరు. పూత వచ్చాక కూడా గండాలు తక్కువేమీ కాదు. తేనెమంచు పురుగు, బూడిద తెగులు, పొద్దుటిపూట దట్టమైన పొగమంచు, అన్నీ దాటుకొని నూరు పూలకు ఒక్క కాయ కూడా నిలవదు. నున్న మార్కెట్టులో వేసవిలో మనం బేరమాడే రసాల భవిష్యత్తు సంక్రాంతి నాటికే సగం రాసిపెట్టి ఉంటుంది. చలి రాత్రులు తగ్గిన ఏడాది పూత వెనకబడుతుంది, లేదా విడతలు విడతలుగా వస్తుంది. వాతావరణం వేడెక్కుతున్నదని మనం క్లాసులో గ్రాఫులు గీసుకొంటాము. తోటలో అది పూత రాని కొమ్మగా కనబడుతుంది.

వేపకు వేరే దెబ్బ తగిలింది. 2021లో తెలంగాణలోనూ, మన రాష్ట్రంలోనూ వేపచెట్లు కొమ్మల చివరలనుంచి ఎండిపోతూ వచ్చాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం అందుకు ముఖ్యకారణమన్నారు. వేప చచ్చిపోతుందేమోనని ఊళ్లల్లో జనం భయపడ్డారు. చాలా చెట్లు మళ్లీ చిగిర్చాయి. ఉగాది పచ్చడిలో పువ్వు కోసం చెట్టుకేసి అంత ఆదుర్దాగా తలెత్తి చూడడం నాకు అంతకుముందు గుర్తులేదు.

ఇక మల్లె. మల్లెపువ్వు పాతకొమ్మకు పుట్టదు. కొత్తగా వచ్చిన రెమ్మ చివర, సాధారణంగా మూడు మొగ్గల గుత్తిగా పుడుతుంది. కనుక ఎన్ని కొత్త రెమ్మలు ఒక్కసారిగా వస్తే అన్ని పూలు. కొమ్మ చివర చిగురు ఉన్నంతకాలం అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కింది కణుపుల మొగ్గలను లేవనివ్వదు. పెత్తనమంతా చివరి చిగురుదే. దాన్ని కత్తిరిస్తే కింద నిద్రపోతున్న మొగ్గలన్నీ లేస్తాయి. నీళ్లు ఆపితే పచ్చని పెరుగుదల ఆగి మొక్క నిల్వకు దిగుతుంది. ఆకు దూస్తే విశ్రాంతి పూర్తవుతుంది. ఆ తరువాత ఎరువు వేసి తడిపితే అన్ని కణుపులూ ఒకేమాటు పగులుతాయి. నేను చేసిందేమిటి? చలికాలమంతా నీళ్లూ నత్రజనీ పోసి, ఆకు మీద ఆకు వేయించాను. మొక్క నామాట విన్నది. అంతే.

చామంతికి ఆకే గడియారం, ఆకు లేకపోతే పూత కబురే లేదు. మల్లెకు ఆకు దూస్తేగాని మొగ్గ రాదు. ఒకే పెరట్లో పక్కపక్కన ఉన్న రెండు మొక్కలకు ఒకే సేవ పనికిరాదన్న సంగతి నాకు ఏ పరీక్ష పేపరూ అడగలేదు.

మైలవరం వైపు మల్లెతోటల్లో ఈ పని ఏటా జరిగేదే. అక్కడ నీరు నిలవని ఎర్రనేలలు. నీళ్లు ఆపితే తోట తొందరగా వాడుతుంది. మాది బ్యారేజీకి ఎగువన నది ఒడ్డు. నేల అడుగున తడి ఒక పట్టాన ఆరదు. కాబట్టి ఈసారి నేను నవంబరు ఆఖరునుంచే నీళ్లు మానేశాను. పాదు చుట్టూ మట్టి తవ్వి, పైవేళ్లకు నాలుగు రోజులు ఎండ తగలనిచ్చాను. భవానీ దీక్షల విరమణకు ఎర్రబట్టల జనం మా వీధుల్లో కిక్కిరిసిన రోజుల్లో మా మల్లె ఆకులు పసుపెక్కి వేలాడుతూ ఉన్నాయి. అమ్మ దాన్ని చూడలేక గేటువైపు రావడం మానేసింది.

ధనుర్మాసం రెండోవారంలో కత్తెర తీసుకొని బయటికి వెళ్లాను. అమ్మ వెనకాలే వచ్చి, “వరదకు చావనిదాన్ని నువ్వు నరుకుతావట్రా?” అన్నది. ఆ మాటకు నా దగ్గర శాస్త్రం ఉన్నది గాని జవాబు లేదు. ఆక్సిన్ సంగతి చెప్పబోయి ఊరుకున్నాను. ఆఖరికి మామ్మగారే ఎదురింటి నుంచి వచ్చి, “మీ అత్తగారు ఏటా నా చేతనే కోయించేది. నీకు తెలియదు, నువ్వప్పుడు ఆఫీసులో ఉండేదానివి” అన్నారు. అమ్మ మరి మాట్లాడలేదు. మోకాలెత్తుకు కోసి, ఎండుపుల్లలు తీసేసి, మిగిలిన ఆకు దూసేశాను. గేటు పక్కన పుల్లలకట్ట పాతిపెట్టినట్లు కనబడింది. దారినపోయేవారు ఇద్దరు చచ్చిపోయిందా అని అడిగారు కూడా.

కనుమ మర్నాడు పాదులో పేడ ఎరువు వేసి మట్టి కప్పి తడిపాను. నాలుగేసి రోజులకు ఒకసారి నీళ్లు. యూరియా జోలికి పోలేదు. ఇది రాస్తున్నది మాఘమాసం మొదటివారంలో. పొద్దున్న చూస్తే పుల్లలకు కణుపుకణుపునా గోరుమొన అంత పచ్చని చుక్కలున్నాయి. లెక్కపెట్టబోయి అరవై దాటాక వదిలేశాను. అవి రెమ్మలై, రెమ్మల చివర మొగ్గ కడతాయో, మళ్లీ ఉత్త ఆకులే వస్తాయో ఇప్పుడే చెప్పడానికి లేదు. మామ్మగారు కళ్లజోడు సర్దుకొని, వంగి చాలాసేపు చూశారు. “శివరాత్రి దాకా ఆగు అబ్బాయీ,” అన్నారు. “ముందు చలిని పోనీ.”