బొద్దుగా ఉంటే దీవెనేనా?

రెండేళ్ళ క్రితం మా సంఘంలో క్రిస్మస్ నాటిక వేశాం. క్రిస్మస్ తాత వేషం పదకొండేళ్ళ బాబుకి ఇచ్చాం. "వీడికి పొట్ట దగ్గర దిండు కూడా అక్కర్లేదు" అని మైకులో అన్నది నేనే. అందరూ నవ్వారు, ఆ బాబూ నవ్వాడు. జనవరి నుంచి సండే స్కూల్‌కి రావడం మానేశాడు. కారణం వాళ్ళమ్మ చెబితే గాని నాకు తెలియలేదు. వాళ్ళింటికి వెళ్ళి ఆ బిడ్డను క్షమాపణ అడిగాను. ఈ విషయం గురించి చదవడం, డాక్టర్లను అడగడం ఆ తరువాతే మొదలైంది. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

మన నర్సీపట్నం ప్రాంతంలో బొద్దుగా ఉన్న బిడ్డను చూస్తే "దేవుడు దీవించాడు" అంటాం. ఆ మాట వెనుక ఆకలి జ్ఞాపకం ఉంది. మన తాతలు చోడి అంబలి, గంజి తాగి పొలం పనికి వెళ్ళినవాళ్ళు. వాళ్ళ కాలంలో బిడ్డ ఒళ్ళు చేశాడంటే ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయని అర్థం. దానియేలు, అతని స్నేహితులు పది రోజులు శాకాహారం తిన్నాక ఎలా కనిపించారో చెప్పే చోట కూడా హెబ్రీ మూలంలో ఉన్నది ఒళ్ళు నిండి ఉన్నారనే మాట. మన తెలుగు అనువాదకులు దాన్ని ముఖ కళగా మార్చారు. ఆకలి కాలంలో ఆ కొలత సరైనదే. ఇప్పుడు సరిపోదు.

అలాగని ఆకలి పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అదే సర్వేలో దేశం మొత్తం మీద అధిక బరువున్న అయిదేళ్ళలోపు పిల్లలు 3.4 శాతం. అంతకు ముందు సర్వేలో 2.1 శాతమే. ఇక ప్రపంచం మొత్తంలో 5 నుంచి 19 ఏళ్ళ వారిలో తక్కువ బరువు వారి కంటే ఊబకాయం ఉన్నవారే ఎక్కువయ్యారని 2025లో యునిసెఫ్ ప్రకటించింది. ఒకే సంఘంలో ఒకే చాప మీద ఈ రెండు రకాల బిడ్డలూ కూర్చుంటున్నారు.

ఈ రెండింటికీ సంబంధం కూడా ఉంది. పుణెలో డాక్టర్ యాజ్నిక్ బృందం అక్కడ పుట్టిన పసిబిడ్డలను ఇంగ్లాండులోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చి చూసింది. మన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, వాళ్ళది 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ బాగా తక్కువ. చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే సన్నగా పుట్టిన మన బిడ్డ తరువాత త్వరగా ఒళ్ళు చేస్తే షుగరు వంటి జబ్బులకు దగ్గరవుతాడు. "చిన్నప్పుడు పీలగా ఉండేవాడు, ఇప్పుడు దేవుని దయవల్ల లావయ్యాడు" అని సాక్ష్యం చెప్పే తల్లులు ఇది గమనించాలి.

"అయ్యగారూ, మా వాడిది తిండి వల్ల కాదండి, థైరాయిడ్ అయి ఉంటుంది" అని ఒక అమ్మ అంది. హార్మోను లోపం వల్ల లావయ్యే పిల్లలు చాలా తక్కువమంది. అలాంటి పిల్లలు సాధారణంగా ఎత్తు కూడా పెరగరు. ఎత్తు పెరుగుతూ లావూ అవుతుంటే ముందు తిండి, ఆట, నిద్ర చూసుకోవాలి. ఇంకొక గుర్తు ఉంది. కొందరు పిల్లలకు మెడ వెనుక చర్మం నల్లగా, మందంగా మారుతుంది. మురికి అనుకుని తల్లులు పీచుతో రుద్దుతారు, అది పోదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని చెప్పే గుర్తు అది కావచ్చు. అది కనబడినా, బిడ్డ రోజూ నిద్రలో గురక పెడుతున్నా పిల్లల డాక్టరుకి చూపించండి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో అదనపు చక్కెర రోజుకు 25 గ్రాములు మించవద్దని ఉంది. పావు లీటరు కూల్ డ్రింకులోనే సుమారు 26 గ్రాములు ఉంటుంది. సీసా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చదవండి. బెల్లం మంచిదే కదా అంటారు, అనకాపల్లి పక్కన ఉన్నవాళ్ళం కదా! ఈ లెక్కలో బెల్లమూ చక్కెరే. 2023లో ప్రభుత్వ బడుల్లో వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. ఫీజు కట్టే బడికి వెళ్ళే మన పిల్లాడు మాత్రం పది రూపాయలతో చిప్స్ ప్యాకెట్టు కొనుక్కుంటున్నాడు. ఏజెన్సీలో పండే చోళ్ళు మన సంతకే వస్తాయి, మనం వాటిని దాటి వెళ్ళిపోతాం.

లావుగా ఉన్న బిడ్డను పస్తు పెట్టకండి. ఉపవాస ప్రార్థన పేరు చెప్పి అసలే వద్దు. ఎదిగే వయసు కాబట్టి చాలామంది పిల్లలకు బరువు తగ్గించనక్కర లేదు, అది పెరగకుండా నిలిస్తే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ సరిపోతుంది. రోజుకు గంటసేపు చెమట పట్టేలా ఆట, బడి వయసు పిల్లలకు కనీసం తొమ్మిది గంటల నిద్ర ఉండాలి. పెద్దవాళ్ళు ఫ్రైడ్ రైస్ తెచ్చుకుని తింటూ వాడికి మాత్రం కీరా ముక్కలు పెడితే వాడికి అది శిక్షలా ఉంటుంది. మార్పు ఇంటిల్లిపాదికీ రావాలి.

ఇక మన మందిరం సంగతి. కంఠత వాక్యం చెబితే చాక్లెట్, హాజరుకి చాక్లెట్, పుట్టినరోజు కూడికకు కేకు, కూల్ డ్రింకు. ఏడిస్తే ఫోను. ఆటకు మాత్రం "మందిరంలో పరిగెత్తకండి" అని కేక. ఇదంతా నడిపినవాణ్ణి నేనే.

మా సండే స్కూల్ టీచర్లు ఈ జూన్ నుంచి బహుమానంగా పెన్సిళ్ళు, రంగుల పెట్టెలు ఇస్తున్నారు. ప్రేమ విందులో కూల్ డ్రింకు బదులు మజ్జిగ పెట్టాం. మొదటి వారం సగం మిగిలిపోయింది, స్త్రీల సమాజం వారు నా వైపు అదోలా చూశారు. రెండో నెలకి గిన్నె ఖాళీ అయింది. పాఠం అయ్యాక అరగంట మందిరం వెనుక స్థలంలో కబడ్డీ, తొక్కుడు బిళ్ళ ఆడిస్తున్నాం. ఆ బాబు మూడో వారం వచ్చాడు. గట్టు మీద కూర్చుని చూశాడు. నాలుగో వారం చెప్పులు విప్పి బరిలోకి దిగాడు.