ఖాళీ అయిన సీటు - వాడకొచ్చిన పది లక్షలు

శాసనసభలో సీటు ఖాళీ అయితే మామూలుగా ఆర్నెల్ల లోపు ఉప ఎన్నిక జరపాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 151-ఎ సెక్షన్ చెబుతుంది. అయితే ఈ గడువులో ఒక సందు ఉంది. ఎన్నికల నియమావళి సీటు ఖాళీ అయిన రోజున అమల్లోకి రాదు. కమిషన్ షెడ్యూలు ప్రకటించిన రోజునే వస్తుంది. ఆ సందులో ఏం జరగొచ్చో ఉమ్మడి కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ చూపించింది.

2021 జూన్ 12న ఈటల రాజేందర్ శాసనసభకు రాజీనామా చేశారు. షెడ్యూలు వచ్చింది సెప్టెంబరు 28న. మధ్యలో మూడున్నర నెలలు. ఆ మధ్యలోనే, ఆగస్టు 16న, శాలపల్లిలో ముఖ్యమంత్రి కెసిఆర్ దళితబంధును పైలట్ ప్రాజెక్టుగా మొదలుపెట్టారు. కుటుంబానికి పది లక్షలు. బ్యాంకుతో పని లేదు, తిరిగి కట్టేది లేదు. లోను కోసం బ్యాంకు మేనేజరు గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రుల పిల్లలం మేము. ఆ పది లక్షల్ని చిన్నచూపు చూడలేం. తప్పు డబ్బులో లేదు, క్యాలెండర్లో ఉంది. షెడ్యూలు వచ్చాక, అక్టోబరు 18న, ఎన్నిక అయ్యేదాకా అక్కడ పథకాన్ని ఆపమని కమిషన్ ఆదేశించింది. ఆపించింది మీరంటే మీరని పార్టీలు తిట్టుకున్నాయి.

అక్టోబరు 30న పోలింగు. బిజెపి తరఫున నిలబడ్డ ఈటల 23,855 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఇంకేముంది, 'పది లక్షలిస్తే కూడా ఓటెయ్యలేదు' అనే మాట మొదలైంది. చదువుకున్నోళ్ల నోట కూడా ఈ మాట విన్నాం. ఎవరు లెక్కపెట్టి చెప్పారు? ఓటింగు యంత్రం బూతుల వారీగా లెక్క చెబుతుంది గాని కులాల వారీగా చెప్పదు గదా! నియోజకవర్గంలో దళితేతరులే ఎక్కువ. వాళ్ల ఓటును ఎవరూ విశ్వాసంతో తూచలేదు. 2018 నుంచి రైతుబంధు అందుకున్న భూస్వామిని ఎవరైనా కృతజ్ఞత అడిగారా?

ఇంకో సంగతి. హుజూరాబాద్ జనరల్ సీటు. జనరల్ సీట్లో దళితుడు పోటీ చెయ్యకూడదని ఏ చట్టంలోనూ లేదు, పెద్ద పార్టీల అలవాటులో ఉంది. టిఆర్ఎస్, బిజెపి, కాంగ్రెస్ మూడింటిలో ఒక్కటీ అక్కడ దళితుణ్ణి నిలబెట్టలేదు. వాడ లబ్ధిదారుగా పనికొచ్చింది, అభ్యర్థిగా పనికిరాలేదు.

2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 నవంబరులో దళితబంధు రెండో విడత డబ్బులివ్వమని హుజూరాబాద్ లబ్ధిదారులు రోడ్డెక్కారు. అప్పుడక్కడ ఏ ఉప ఎన్నికా లేదు.