లయలోనే లయం: ప్రొద్దుటూరు కావ్యంలో విశ్వతాండవం

పాట దగ్గర తెలుగువారు వాడే 'లయ' అనే మాటా, ప్రపంచం అంతమైపోవడం గురించి వాడే 'లయం' అనే మాటా 'లీ' అనే ఒకే సంస్కృత ధాతువు నుంచి పుట్టాయి. అంటిపెట్టుకుని ఉండడం, కరగడం, ఒకటైపోవడం ఆ ధాతువుకున్న అర్థాలు. 13వ శతాబ్దపు శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరంలో, తాళంలో ఒక క్రియ ముగిసి మరొక క్రియ మొదలయ్యేలోపు ఉండే విశ్రాంతినే లయగా నిర్వచించాడు. అంటే లయ ఉండేది చేతి దెబ్బలో కాదు, దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉన్న నిశ్శబ్దంలో. విశ్వమంతా ఒక క్రమానికి కట్టుబడి నడుస్తోందన్న భావననూ, జీవుడు చివరికి దైవంలో కలుస్తాడన్న భావననూ భారతీయ తత్త్వశాస్త్రం సాధారణంగా వేర్వేరు ప్రకరణాల్లో చర్చిస్తుంది. ఆ రెండూ ఒకే మాటలో ఇమిడిపోవడాన్ని తెలుగులో చూడాలంటే, ప్రొద్దుటూరుతో పేరు ముడిపడిన శివతాండవం కావ్యాన్ని మించిన చోటు లేదు.

మొదటి భావనకు వేదం పెట్టిన పేరు 'ఋతం'. సూర్యుడు వేళ తప్పకుండా పొడవడం, వాన కాలానికి కురవడం, నది పల్లానికి పారడం, మనిషి ఆడిన మాట మీద నిలబడడం, ఇవన్నీ ఋగ్వేదం దృష్టిలో వేర్వేరు నియమాలు కావు, ఒకే ఋతానికి పలు రూపాలు. వరుణుడు దానికి కాపరి. అందుకే అబద్ధానికి 'అనృతం' అన్న పేరు వచ్చింది. అసత్యమాడినవాడు ఎదుటి మనిషిని మోసగించడంతో ఆగక, సూర్యచంద్రులు నడిచే బాటనే తప్పినవాడవుతాడన్న ఈ ఊహ ఎంత గంభీరమైనదో, 'అనృతం' అన్న మాటను ఇప్పటికీ వాడుతున్నవారు కూడా తరచుగా గమనించరు. తరువాతి కాలంలో 'ధర్మం' అన్న మాట ఋతం స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది గాని, దాని సోదరపదమైన 'ఋతువు' మాత్రం పల్లెల్లో అలాగే నిలిచి ఉంది.

ప్రొద్దుటూరుకు పొరుగునున్న జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో శనగ వేసే రైతు లెక్కపెట్టుకునే కార్తెలు ఈ క్రమానికి కట్టిన పంచాంగమే. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో పదమూడు, పద్నాలుగు రోజులుంటాడు కాబట్టి ఏడాదికి 27 కార్తెలు. చిత్త, స్వాతి కార్తెల నాటికి నేలలో పదును ఉందో లేదో మట్టిని పిడికిట పట్టి చూసి, గొర్రు కట్టాలా, ఇంకో వానకు ఆగాలా అన్నది తేల్చుకోవాలి. వాన తప్పిన ఏడాది ఈ సీమలో ఎంత కష్టం వస్తుందో తెలిసినవారికి ఋతం గ్రంథాల్లోని మాటగా కనిపించదు. అది తప్పితే గాదె ఖాళీ అవుతుంది.

ఈ ప్రాంతపు రాళ్లు చెప్పే క్రమం ఇంకా పెద్దది. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప రాతిపొరల్లో రెండింటికి ఇక్కడి ఊళ్ల పేర్లే పెట్టారు: పులివెందుల క్వార్ట్జైట్, గండికోట క్వార్ట్జైట్. పులివెందుల దగ్గర ఆ పొరల్లోకి చొచ్చుకువచ్చి గడ్డకట్టిన శిలాద్రవం వయసు సుమారు 188 కోట్ల సంవత్సరాలని తేలింది. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుకే ఈ క్వార్ట్జైట్. కొన్ని బండల మీద అరచేయి ఆనిస్తే, ఆనాటి నీటి కదలిక ఇసుకలో దిద్దిన అలల వరుసలు ఇప్పటికీ వేళ్లకు ఒకదాని వెంట ఒకటి తగులుతాయి. సముద్రం పోయింది, ఇసుక రాయైంది, ఆ రాతిని పెన్నానది కోసి గండికోట లోయ చేసింది, ఆ కోతలో రాలినది మళ్లీ ఇసుకగా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా సముద్రానికి పోతోంది. సృష్టి, స్థితి, సంహారం అని పురాణం చెప్పే చక్రానికి ఇంతకంటె దగ్గరి దృష్టాంతం వెదకనక్కరలేదు.

శైవాగమాలు ఆ మూడింటికి తిరోధానం, అనుగ్రహం అనే మరి రెండు చేర్చి పంచకృత్యాలన్నాయి. తిరోధానం అంటే దైవం తన్ను తాను మాయ చాటున మరుగుపరచుకోవడం. అనుగ్రహం అంటే ఆ తెర తీసి జీవుణ్ణి తనలో కలుపుకోవడం. చిదంబరంలోని నటరాజమూర్తిని ఈ లెక్కన చదవడం ఆనవాయితీ. కుడిచేతి ఢమరుకం సృష్టికి గుర్తు, అభయహస్తం స్థితికి, ఎడమచేతి అగ్ని సంహారానికి, అజ్ఞానానికి రూపమైన అపస్మారుణ్ణి తొక్కిపట్టిన పాదం తిరోధానానికి, పైకెత్తిన పాదం అనుగ్రహానికి. లోకాన్ని నడిపేదీ, జీవుణ్ణి విడిపించేదీ రెండు వేర్వేరు శక్తులు కావు, ఒకే నాట్యంలోని రెండు అడుగులని ఆ విగ్రహం చెబుతుంది.

ఈ నాట్యాన్ని తెలుగు మాటల్లో ఆడించినవారు పుట్టపర్తి నారాయణాచార్యులు. 1914లో అనంతపురం జిల్లా చియ్యేడులో పుట్టిన ఆయన ప్రొద్దుటూరులో ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఆ ఊరినే తన ఊరు చేసుకుని, 1990లో అక్కడే కన్నుమూశారు. వంశం చేత ఆయన శ్రీవైష్ణవులు. పలు భాషలు నేర్చిన పండితులు, సంగీతమూ నాట్యమూ ఎరిగినవారు. ఋషీకేశంలో స్వామి శివానంద ఆయనకు 'సరస్వతీపుత్ర' అన్న బిరుదునిచ్చారు. 1972లో పద్మశ్రీ లభించింది. జనప్రియ రామాయణం వంటి పెద్ద కావ్యాలు ఆయన రాసినా, జనం నోట నిలిచినది శివతాండవమే. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూ ఆయన దాన్ని అల్లారని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. ఆ కావ్యాన్ని బిగ్గరగా చదివినవారికి ఈ మాట అతిశయోక్తి అనిపించదు. ఎందుకంటే అందులోని పంక్తి కంటితో చదవడానికి కాక కాలితో నడవడానికి కట్టినట్లుంటుంది. అక్షరాలు మృదంగపు జతుల్లా పడతాయి, ఊపిరి తిప్పుకోవడానికి ఎక్కడ ఆగాలో ఛందస్సే చెబుతుంది. ఆయన స్వయంగా చదువుతూ సభల్ని ఊపేసేవారు.

కావ్య నిర్మాణంలోనే తత్త్వం ఉంది. శివుడు అడుగు కదపకముందే చెట్టూ గాలీ ఆకాశమూ ఆనందంతో సిద్ధమవుతాయి. ఆ తరువాత తాండవం ఉద్ధతంగా సాగుతుంది. అయితే కవి అక్కడ ఆగక, పార్వతి చేసే సుకుమారమైన లాస్యం దాకా కావ్యాన్ని నడిపించారు. ఉద్ధతమైన తాండవమూ లలితమైన లాస్యమూ కలిస్తేనే నాట్యం పూర్ణమవుతుందన్నది లక్షణకారుల మాట. శివుడూ శక్తీ విడివిడిగా లేరన్నది దార్శనికుల మాట. ఈ రెండు మాటల్నీ కవి ఒక్కటిగా వినిపించారు.

దైవంతో కలయిక ఎలాంటిదన్న దానిపై దర్శనాలు ఏకాభిప్రాయానికి రాలేదు. ఉన్నది ఒక్కటే గనుక కొత్తగా కలవడమంటూ లేదని అద్వైతం, శరీరానికి ఆత్మ ఎలాగో జీవుడికి దేవుడు అలాగని విశిష్టాద్వైతం, ఎంత చేరువైనా ఇద్దరూ ఇద్దరేనని ద్వైతం వాదిస్తాయి. ప్రదక్షిణలో ఈ మూడింటికీ చోటుంది. తిరిగేవాడు మధ్యనున్న మూర్తికి దూరమూ కాడు, దగ్గరా కాడు; ప్రతి అడుగూ తూకంగా పడుతున్న కొద్దీ, నడుస్తున్నది తానన్న ఎరుక పలచబడి, నడక ఒక్కటే మిగులుతుంది. క్రమానికి పూర్తిగా లోబడినచోటే 'నేను' కరగడం మొదలవుతుంది, అంటే లయ పట్టు చిక్కినచోట లయం.

త్రయోదశి నాటి ప్రదోషవేళ, పగలు పూర్తిగా పోక రాత్రి పూర్తిగా రాక, రెండు దెబ్బల నడుమ విశ్రాంతిలా సందె నిలిచి ఉన్నప్పుడు, శివుడు తాండవమాడతాడని నమ్మిక. ఆ వేళ శివాలయాల్లో నందికి ఎదురుగా దీపాలు వెలుగుతాయి, ప్రదక్షిణ చేసేవారి అడుగుల చప్పుడు రాతిపరుపు మీద ఒకదాని వెంట ఒకటి వినబడుతూ ఉంటుంది.