పదకొండు ప్రశ్నలతో మంచు రైలెక్కాం

"మంచులో తెలుగు మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తుందా టీచర్?"

2024 డిసెంబరులో అర్ధ సంవత్సర పరీక్షలు ముగిసిన రోజు మా ఐదో తరగతి పిల్లవాడు అడిగిన ప్రశ్న ఇది. సెలవుల్లో మేమిద్దరం కాశ్మీర్ వెళ్తున్నామని, అక్కడ మంచులో నడిచే రైలెక్కుతామని తెలిసి తరగతి అంతా తలా ఒక ప్రశ్న చీటీ మీద రాసిచ్చింది. తరగతి అంటే పదకొండు మంది. మంచు రుచి ఎలా ఉంటుంది? పడేటప్పుడు చప్పుడవుతుందా? పట్టాల మీద రైలు జారిపోదా? కుక్కలు ఎక్కడ పడుకుంటాయి? ఇలా పదకొండు చీటీలు.

మేమిద్దరం అంటే నేను, మా లెక్కల టీచరు. హోసూరు పక్కన ఒక తెలుగు బడిలో పద్దెనిమిదేళ్ళుగా పక్కపక్క తరగతుల్లో పాఠాలు చెప్పాం. నాకంటే నాలుగేళ్ళు పెద్దది కాబట్టి అక్కా అని పిలుస్తాను. పిల్లలు తగ్గిపోయి ఆమె పోస్టు మిగులు కింద తేలింది. జూన్‌లో ఇరవై కిలోమీటర్ల దూరంలోని మరో బడికి వెళ్ళాలి. అక్కడ తెలుగు మీడియం లేదు. "నేను పోయేలోపల ఒక్కసారి మంచు చూసొద్దాం రా" అన్నది ఆమే.

బెంగళూరు నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి జమ్మూ చేరాం. అప్పటికి జమ్మూ వైపు నుంచి శ్రీనగర్‌కు రైలు మార్గం పూర్తిగా తెరవలేదు. జమ్మూలో టాక్సీ మాట్లాడుకుని, దారిలో తొమ్మిది కిలోమీటర్ల రోడ్డు సొరంగం దాటి సాయంత్రానికి బనిహాల్ చేరాం. సముద్రమట్టానికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున, పీర్ పంజాల్ కొండల పాదం దగ్గర ఉన్న ఊరది. రైలు మరునాటి ఉదయానికి.

చప్పుడు లేని వాన

ఆ రాత్రే మంచు పడింది. పడిందని తెల్లవారి తలుపు తీసేదాకా మాకు తెలియదు. వాన వస్తే మన పెంకులు, రేకులు చెబుతాయి. ఇది ఏమీ చెప్పదు. బియ్యప్పిండి జల్లెడ పట్టినట్లు ఇంకా రాలుతూనే ఉంది. వీధిలో మాటలు కూడా దుప్పటి కప్పుకున్నట్లు వినిపించాయి. కొత్తగా పడిన మంచులో గాలి ఎక్కువ. శబ్దాన్ని అది మింగేస్తుంది. రెండో చీటీకి జవాబు దొరికింది.

అక్క ఊరికే ఉండలేదు. లాడ్జి స్టీలు గ్లాసు నిండా మంచు నింపి గదిలో పెట్టింది. కరిగాక చూస్తే అడుగున రెండు గుక్కల నీళ్ళు. "పదింట ఒక వంతు. మిగతాదంతా గాలే" అని నోటుపుస్తకంలో రాసుకుంది. రుచి నేను చూశాను. రుచి లేదు, నాలుక మీద చిన్న చురక అంతే. కుక్కలు రొట్టెలు కాల్చే పొయ్యి ఉన్న దుకాణం గోడకు ఆనుకుని పడుకున్నాయి. నాలుగు ప్రశ్నలు స్టేషన్‌కు వెళ్ళకముందే తీరాయి.

ప్లాట్‌ఫారం మీద ఇంకోటి తీరింది. అక్క గట్టిగా "రెండు రెళ్ళు నాలుగు" అంది. పొగ వచ్చింది. తమిళంలో అంది, కన్నడంలో అంది. అంతే పొగ వచ్చింది.

"చూశావా, చలికి భాషాభేదం లేదు" అని నవ్వింది. మరుక్షణమే, "బడికే ఉండేది" అంది.

పదకొండు కిలోమీటర్ల చీకటి

మా ఇద్దరి ఫోన్లూ ప్రీపెయిడ్. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పని చేయదు. ఒకందుకు మంచిదే అయింది, కిటికీ తప్ప చూసేందుకు ఇంకేం లేదు. రాత్రి మంచుకు హైవే మూసేశారు. రైలు మాత్రం కాస్త ఆలస్యంగా బయల్దేరింది. ఇంజను గది ముందు కిందుగా మంచును పక్కకు తోసే ఇనుప రెక్క ఉంటుంది. పట్టాల మీది మంచు దానికి తగిలి రెండు వైపులా పిండిలా లేచింది. రైలు జారిపోదు నాయనా, తోసుకుంటూ పోతుంది.

బయల్దేరిన కొద్దిసేపటికే పీర్ పంజాల్ సొరంగం. పొడవు 11.2 కిలోమీటర్లు. 2013లో తెరిచారు. పాత రోడ్డు మీద బనిహాల్ నుంచి ఖాజీగుండ్‌కు 35 కిలోమీటర్లు తిరగాల్సి వచ్చేది, రైలుకు అందులో సగం చాలు. పాత జవహర్ సొరంగం పైన ఎక్కడో ఉంటే ఇది దానికి 440 మీటర్ల దిగువన కొండ కడుపులోంచి పోతుంది.

ఆ చీకట్లో అక్క నెమ్మదిగా మాట్లాడింది. "మన బడిలో పిల్లలు లేరంటే అందులో నా వంతూ ఉంది. మా వాడిని ఇంగ్లీషు మీడియంలో వేశాను కదా. తెలుగు టీచరు కొడుకే రాని బడికి ఊళ్ళోవాళ్ళు ఎందుకు పంపుతారు?" నేనేమంటాను? నా కూతురూ ఐదో తరగతి దాకా తెలుగులో చదివి, ఆరులో మారిపోయింది. మా ఇద్దరికీ కారణాలున్నాయి. ఈ పేజీ చదివే తల్లిదండ్రుల్లో చాలామందికీ ఉంటాయి. అవి చిన్న కారణాలు కావు.

"ఇంకోటి కూడా ఉంది" అంది. "ఇంగ్లీషులో స్నో ఒకటి, ఐస్ ఒకటి, ఫాగ్ ఒకటి, డ్యూ ఒకటి. మనకు గులాబీ తోట మీద పడేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే, ఇదీ మంచే. ఆ పదకొండు మందికి ఏమని చెప్తావు?"

జవాబు చెప్పేలోపే సొరంగం అయిపోయింది.

"శీన్" అంటే ఏమిటి?

బయట అంతా తెలుపు. నేలకూ ఆకాశానికీ గీత లేదు. ఆకుల్లేని పాప్లార్ చెట్లు చీపురు పుల్లల్లా వరుసగా నిలబడ్డాయి. ఆపిల్ తోటల్లో నల్లని కొమ్మల మీద తెల్లని గీతలు. ఇళ్ళ పైకప్పులన్నీ ఏటవాలు రేకులు. మంచు పేరుకుని బరువెక్కకుండా జారిపోవడానికట. ఆ చూర్లకు మంచు కొమ్ములు వేలాడుతున్నాయి.

అనంతనాగ్‌లో ఎక్కిన ఒకామె మా ఎదురుగా కూర్చుంది. ఫెరన్ లోపల కాంగ్డీ, అంటే అల్లిక బుట్టలో నిప్పుల కుండ. ఆమె కూడా టీచరే, శీతాకాలం సెలవుల్లో ఉంది. ఎప్పుడో రాసిన హిందీ పరీక్షల పుణ్యాన, హోసూరు సంతలో విన్న దక్కనీ ఉర్దూ సాయంతో మాట్లాడాం.

మంచును వాళ్ళు శీన్ అంటారు. ఏటా మొదటి మంచు పడితే ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటారు. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల గట్టి చలి చిల్లై కలాన్. తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, పది రోజులు చిల్లై బచ్చ. "మొత్తం డెబ్బై" అంది అక్క వెంటనే. చూరుకు వేలాడే మంచు కొమ్మును శిశర్ గాంఠ్ అంటారట. వినగానే మన శిశిర రుతువు గుర్తొచ్చింది. వేసవిలో సొరకాయ, వంకాయ, టమాటా ఎండబెట్టి దాచుకుని ఈ చలిలో వండుకుంటారని చెబితే, "మన ఒరుగులే కదా!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"మీ పిల్లలు శీన్ అంటారా?" అని అడిగాను. ఆమె నవ్వింది. "మా వాడు బడిలో స్నో అంటాడు, ఉర్దూ పాఠంలో బర్ఫ్ అని రాస్తాడు. ఇంట్లో నేను శీన్ అనే అంటాను. నేనూ మానేస్తే ఆ మాట వాడికి ఎవరు చెప్తారు?"

అక్క కిటికీ వైపు తిరిగింది. పాంపోర్ దాకా మాట్లాడలేదు. అక్కడ కుంకుమపువ్వు పొలాలు. కోత అక్టోబరు, నవంబరుల్లోనే అయిపోతుంది. దుంపలు మంచు కింద నేలలో ఉన్నాయని, పువ్వు మళ్ళీ వాటి నుంచే వస్తుందని ఆమె చూపించింది. తర్వాతి స్టేషన్ శ్రీనగర్.

పిల్లలు చేసిన మాటలు

జనవరిలో బడి తెరిచాక చీటీలు ఒక్కొక్కటిగా తీసి జవాబులు చెప్పాం. లెక్కలు అక్క చెప్పింది, మిగతావి నేను. ఆమె అడిగిన ప్రశ్నను పిల్లల ముందే పెట్టాను: అన్నిటికీ మంచు అనే అంటే ఎలా? వాళ్ళకు అది కష్టమే కాలేదు. అప్పుడే రాలి మెత్తగా ఉన్నది దూదిమంచు. తొక్కి తొక్కి గట్టిపడి కాలు జారేది గాజుమంచు. చూరుకు వేలాడేది కొమ్ముమంచు. పొగమంచు ఎలాగూ ఉంది. పావుగంటలో నల్లబల్ల నిండింది. మాటలు లేకపోవడం కాదు, వాళ్ళను అడిగినవాళ్ళు లేకపోవడం.

2025 జూన్ 6న చీనాబ్ వంతెన ప్రారంభమైంది. నది గర్భం నుంచి 359 మీటర్ల ఎత్తు, 1,315 మీటర్ల పొడవు. ఇప్పుడు కత్రా నుంచి శ్రీనగర్‌కు దాదాపు మూడు గంటల్లో రైల్లో వెళ్ళవచ్చు. ఆ కొండవాలు నిలబడేలా చూసే పనిలో పదిహేడేళ్ళు సలహాదారుగా ఉన్న ప్రొఫెసర్ జి. మాధవీలతది ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు. పని చేసేది మన పక్కనే, బెంగళూరు ఐఐఎస్సీలో. తవ్వుతున్న కొద్దీ రాతిలో బయటపడే పగుళ్ళను బట్టి నమూనా మార్చుకుంటూ పోయారు. ఈ కబురు వినగానే ఒక పాప, "ఆమెకు తెలుగు వచ్చా?" అని అడిగింది. వచ్చు అన్నాను. ఆ ముఖం మీరు చూడాల్సింది.

అదే నెలలో అక్క వెళ్ళిపోయింది. ఆ పదకొండు మందిలో ఆరుగురు ఆరో తరగతి తెలుగులోనే చేరారు. మిగతా ఐదుగురి తల్లిదండ్రులను నేను తప్పు పట్టను. వాళ్ళను అడిగింది ఒక్కటే: పిల్లలు ఇంట్లో ఏ భాషలో ప్రశ్న అడిగితే ఆ భాషలోనే జవాబు చెప్పండి. బడి ఏ మీడియమైనా సరే, ఆ పని మాత్రం ఇంట్లోదే.

మొన్న అక్క ఫోన్ చేసింది. కొత్త బడిలో ఇంటి భాష తెలుగైన పిల్లలు తొమ్మిది మంది తేలారట. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్ళను చెట్టు కింద కూర్చోబెట్టి దూదిమంచు సంగతి చెబుతోందట. వాళ్ళూ చీటీలు రాశారట. "ఇందులో రెండింటికి నాకు జవాబు తెలీదు, నువ్వు రా" అంది. వచ్చే శనివారం వెళ్తున్నాను.