తిరిగి ఇవ్వలేని వారికి చేసిన సేవ

2021 వేసవిలో కరోనా రెండవ దశ తిరుపతి నగరాన్ని కుదిపివేసింది. కన్నబిడ్డలు సైతం తల్లిదండ్రుల భౌతికకాయాలను తాకడానికి జంకిన రోజులవి. అటువంటి సమయంలో కోవిడ్ ముస్లిం జేఏసీ పేరిట సంఘటితమైన స్థానిక యువకులు ముందుకు వచ్చారు. రక్షణ దుస్తులు ధరించి, మృతదేహాలను శ్మశానాలకు చేర్చారు. హిందువులకు వారి ఆచారం ప్రకారమే అంత్యక్రియలు జరిపించారు. నాటి శాసనసభ్యులు భూమన కరుణాకర రెడ్డి కూడా గోవిందధామంలో వారితో కలిసి అనాథ మృతదేహాల అంత్యక్రియలలో పాల్గొన్నారు.

ఆ మృతులు వారికి రక్తసంబంధీకులు కారు. మరి వారు తమ ప్రాణాలను ఎందుకు పణంగా పెట్టారు? దీనికి పరిణామవాదం వద్ద సమాధానం ఉందా?

ఈ చిక్కును డార్విన్ స్వయంగా గుర్తించారు. తోటివారి కోసం ప్రాణమిచ్చేవాడు తన గుణాన్ని అందుకునే సంతానాన్ని మిగల్చకుండానే పోవచ్చునని 1871లో వెలువడిన ‘ది డిసెంట్ ఆఫ్ మ్యాన్’ గ్రంథంలో ఆయన అంగీకరించారు. రక్తబంధువుల కోసం చేసే త్యాగం, వారిలోనూ ఉన్న అవే జన్యువులను కాపాడుతుందని 1964లో విలియం హామిల్టన్ వివరించారు. నేటి సహాయం రేపు ప్రతిసహాయంగా తిరిగివస్తుందని 1971లో రాబర్ట్ ట్రివర్స్ ప్రతిపాదించారు. బంధుప్రీతిని, ఇరుగుపొరుగు సహకారాన్ని అర్థం చేసుకోవడానికి ఇవి ఉపకరిస్తాయి. వీటిని తేలికగా కొట్టిపారవేయడం న్యాయం కాదు.

అయితే అపరిచితుని పార్థివదేహం ముందు ఈ రెండు కొలతలూ చాలవు. అతడు బంధువు కాడు, బదులు తీర్చలేడు. ఇదంతా మంచిపేరు కోసమేనని కొందరంటారు. చిన్న సమూహాలలో ఏర్పడిన సానుభూతి నేడు పరాయివారిపైకీ ప్రసరిస్తోందని మరికొందరంటారు. కావచ్చు. కాని భయం కూడా సహజ ప్రవృత్తే కదా! జాలి, భయం ఒకే హృదయంలో పెనుగులాడేటప్పుడు దేనికి లోబడటం ధర్మమో జన్యువులు చెప్పజాలవు.

ఆ సమాధానం విశ్వాసి తన ప్రభువు వద్ద వెతుక్కుంటాడు. వలస వచ్చిన ముహాజిర్లకు, తమకే కొరత ఉన్నప్పటికీ ప్రాధాన్యమిచ్చిన మదీనా అన్సారులను దివ్య ఖుర్ఆన్‌లోని హష్ర్ సూరా ప్రశంసించింది. ఆ గుణాన్నే ‘ఈసార్’ అంటాము. ఒక యూదుని శవపేటిక వెళుతున్నప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) లేచి నిలబడ్డారు. అతడు యూదుడని సహచరులు గుర్తుచేయగా, అతనిది కూడా ఒక ప్రాణమే కదా అన్న భావంతో బదులిచ్చారు.

ఈ గుణం ముస్లిముల సొత్తు మాత్రమే కాదు. ఆ రోజుల్లో ఆసుపత్రులలో నర్సులు, వీధులలో పారిశుద్ధ్య కార్మికులు, ఏ మతానికి చెందినవారైనా, అదే తెగువ చూపారు. అల్లాహ్ ప్రతి మానవుని సహజ స్వభావంలోనూ మేలును ఉంచాడనడానికి అది నిదర్శనం. దానిని పెంచడమో, ఎండబెట్టడమో మన చేతిలో ఉంది.

రాత్రి భోజనాల వేళ మన పిల్లలను ఒక ప్రశ్న అడుగుదాము: ‘నీకు తిరిగి ఏమీ ఇవ్వలేని వారికి ఈ రోజు నీవు ఏమి చేశావు?’ ముందుగా ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండాలి.